చెక్క బిల్డింగ్ డిజైన్ చేస్తున్నారా, ముందు గ్రిడ్ తేల్చండి

కింద షాపులు, పార్కింగ్, పైన ఫ్లాట్లు. ఇలాంటి బిల్డింగ్ మాస్ టింబర్‌లో, అంటే చెక్కని అతికించి చేసిన పెద్ద ప్యానెళ్లు, కాలమ్స్‌తో అడిగితే చాలామంది అలవాటుగా కాంక్రీట్ ఫ్రేమ్ గీసేసి, తర్వాత స్లాబుల బదులు చెక్క ప్యానెళ్లు పెట్టి చూస్తారు. దయచేసి అలా చేయకండి, అక్కడే ఖర్చంతా పెరిగిపోతుంది.

మొదట ప్యానెల్ ఎంత వెడల్పులో దొరుకుతుందో ఫ్యాక్టరీని అడిగి, దాన్నిబట్టి కాలమ్స్ మధ్య దూరాలు, అంటే గ్రిడ్, పెట్టండి. వాంకూవర్‌లోని 18 అంతస్తుల స్టూడెంట్ హాస్టల్ బ్రాక్ కామన్స్‌లో (2017) గ్రిడ్ 2.85 × 4 మీటర్లే, అందుకే బీములే లేకుండా 169 మిల్లీమీటర్ల మందం సీఎల్‌టీ ప్యానెళ్లు (చెక్క పలకల్ని ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా అతికించినవి) నేరుగా కాలమ్స్ మీద కూర్చున్నాయి. స్పాన్ (కాలమ్స్ మధ్య దూరం) పెంచితే బలం కన్నా ముందు వైబ్రేషన్ అడ్డొస్తుంది, ఒకరు నడిస్తే అదే ఫ్లోర్‌లో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

కాలమ్స్ అంత దగ్గరగా ఉంటే పార్కింగ్‌కి పనికిరాదు. అందుకే కింది అంతస్తుల్ని కాంక్రీట్ పోడియం (పై చెక్క భాగాన్ని మోసే దిమ్మె) చేసి, పై కాలమ్స్ లోడ్లన్నీ దాని పై స్లాబు ద్వారా కింది కాలమ్స్‌కి ట్రాన్స్‌ఫర్ చేయండి. 2022లో పూర్తయిన అమెరికాలోని మిల్వాకీ అసెంట్ టవర్‌లో 25 అంతస్తులుంటే, వాటిలో పై 19 మాత్రమే చెక్కవి, లిఫ్ట్ కోర్లు (లిఫ్టుల చుట్టూ ఉండే గోడలు) కాంక్రీట్‌వే.

ఇక అసలు జాగ్రత్త జాయింట్ల దగ్గర. చెక్క పీచు వెంబడి చాలా బరువు మోస్తుంది కానీ అడ్డంగా నొక్కితే నలిగిపోతుంది, కాబట్టి పై కాలమ్ లోడ్ ప్యానెల్ మీద పడకుండా స్టీల్ కనెక్టర్ ద్వారా నేరుగా కింది కాలమ్‌కి దిగాలి. చెక్క కాలమ్స్ ఎండేకొద్దీ, బరువు పడేకొద్దీ కాస్త కురచవుతాయి, పక్కనున్న కాంక్రీట్ కోర్ మాత్రం అంతగా కురచవదు. ఆ తేడాని అంతస్తులవారీగా లెక్కేసి, సన్నని స్టీల్ షిమ్‌లు (ఎత్తు సరిచేసే రేకులు) పెట్టి సర్దండి.

నిప్పుకి భయపడక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. యూరప్ డిజైన్ ప్రమాణం యూరోకోడ్ ప్రకారం గ్లూలామ్ (పలకల్ని ఒకే దిశలో అతికించిన చెక్క) నిమిషానికి 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది, అంటే 2 గంటలకి 84, దాని వెనక వేడికి బలం పోయే పొర ఇంకో 7. నాలుగు పక్కలా మంట తగిలితే ఒక్కో పక్క 91 పోయి 600 మిల్లీమీటర్ల కాలమ్‌లో 418 మిగులుతుంది, లోడ్ దాని మీదే చెక్ చేయండి. కనెక్టర్లలోని స్టీల్ కూడా ఆ చెక్క లోపలే దాగి ఉండాలి, బయటికి కనిపిస్తే ముందు అదే మెత్తబడుతుంది.

బరువు తక్కువ కాబట్టి పునాది, భూకంపం లోడ్ తగ్గుతాయి కానీ గాలికి ఊగడం పెరుగుతుంది. నార్వేలోని మ్యోస్టార్నెట్ అనే చెక్క టవర్‌లో పై ఏడు ఫ్లోర్లకి కాంక్రీట్ స్లాబులు వేసింది బరువు పెంచి ఆ ఊపు తగ్గించడానికే.

పైపులు, డక్ట్‌ల రంధ్రాలన్నీ ఆర్డర్‌కి ముందే ఫైనల్ చేయించండి, ప్యానెల్ ఫ్యాక్టరీలో కోసేశాక సైట్‌లో కొత్త రంధ్రం పెట్టాలంటే లెక్కలు మళ్లీ మొదట్నించీ చూడాలి.