ఇంటికి వచ్చే అక్కర్లేని ప్రచార ఉత్తరాలను తగ్గించుకోవడం ఎలా?

ప్రచార ఉత్తరాన్ని చించి చెత్తబుట్టలో వేస్తే ఆ ఒక్క కాగితమే పోతుంది. దాన్ని పంపిన వారి జాబితాలో మన పేరు అలాగే ఉంటుంది కనుక వచ్చే నెల మరొకటి వస్తుంది. ఆ జాబితాల నుంచి పేరు తీయించుకోవడానికి కాస్త ఓపిక కావాలి గాని, అది ఎవరైనా చేసుకోగల పనే.

ముందుగా ఒక నెలపాటు వచ్చిన ప్రచార కాగితాలన్నిటినీ పారేయకుండా ఒకచోట పోగు చేయండి. తరువాత వాటిని పేరు లేకుండా వచ్చినవి, మీ పేరుతో వచ్చినవి, ఇప్పుడు ఆ ఇంట్లో లేనివారి పేరుతో వచ్చినవి అని మూడుగా విడదీయండి.

పేరు లేని కరపత్రాలను ఇంటింటికీ వేసుకుంటూ పోతారు. వీటికి ‘ప్రచార కాగితాలు వేయవద్దు’ అని ఉత్తరాల పెట్టె మీద స్పష్టంగా రాసి అంటించడమే మార్గం. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో ఇటువంటి స్టిక్కర్లు మామూలే. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2018 నుంచి ఇంకో అడుగు ముందుకు వేసి, ‘ప్రచార కాగితాలు కావాలి’ అని స్టిక్కరు పెట్టుకున్న ఇళ్లకే ఇటువంటి కాగితాలు వేయాలని నిబంధన తెచ్చింది. అన్నిచోట్లా ఈ పద్ధతే ఉండాలని నా అభిప్రాయం.

అసలు శ్రమంతా మీ పేరుతో వచ్చే ఉత్తరాల దగ్గరే. పంపిన ప్రతి సంస్థకూ విడివిడిగా రాయండి. చిరునామా చీటీ మీద మీ పేరు ఎలా అచ్చయిందో, తప్పులతో సహా, అలాగే రాసి, అక్కడ ఖాతాదారు సంఖ్య ఉంటే దాన్నీ చేర్చండి. ‘నా పేరు తొలగించండి’ అన్న వాక్యంతో ఆపకుండా, ‘నా వివరాలను ఇతరులకు ఇవ్వవద్దు, అమ్మవద్దు’ అని కూడా రాయాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండో వాక్యమే. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం ప్రకారం, ప్రచారానికి తన వివరాలు వాడవద్దని ఎవరైనా చెబితే, కారణం అడగకుండా సంస్థ ఆపాల్సిందే. అమెరికాలో ముందస్తు ఆమోదం పేరుతో వచ్చే క్రెడిట్ కార్డు ఉత్తరాలను ఆన్‌లైన్‌లో 5 ఏళ్లపాటు ఆపించవచ్చు; శాశ్వతంగా ఆపాలంటే సంతకం చేసిన ఫారం తపాలాలో పంపాలి. ముందే అచ్చయినవి కొన్ని వారాలపాటు వస్తూనే ఉంటాయి కనుక, ఎవరికి ఏ తేదీన రాశారో పుస్తకంలో నమోదు చేసుకుని, ఆగకపోతే మళ్లీ రాయండి.

పాత అద్దెదారుల పేరుతో వచ్చిన కవర్లను తెరవవద్దు. ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసి తిరిగి తపాలాలో వేయండి. చనిపోయినవారి పేరుతో వచ్చే ప్రచారం ఇంటివారి మనసును ఎంత గాయపరుస్తుందో చెప్పనక్కర్లేదు. బ్రిటన్, అమెరికాలలో అటువంటి పేర్లను తొలగింపజేయడానికి ప్రత్యేక జాబితాలు ఉన్నాయి.

ఇక కొత్త జాబితాల్లోకి ఎక్కకుండా చూసుకోవాలి. బహుమతుల కూపన్లలో చిరునామా రాయవద్దు. ఏ ఫారం నింపినా చివర్లో చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాకే పక్కనున్న గడిలో టిక్కు పెట్టండి. కొత్త దుకాణానికి చిరునామా ఇవ్వక తప్పనప్పుడు పేరు మధ్యలో ఒక అదనపు అక్షరం చేర్చి, అది ఏ దుకాణానికి ఇచ్చారో గుర్తుపెట్టుకోండి. ఆ అక్షరంతో వేరే సంస్థ నుంచి ఉత్తరం వస్తే, మీ వివరాలు ఎవరి నుంచి చేరాయో తెలిసిపోతుంది. తరువాతి ఉత్తరం ఆ దుకాణానికే రాయవచ్చు.