మేయర్‌ చేత ఒక బస్టాపు బాగు చేయించుకోవడం ఎలా?

విశాఖలో మేయర్‌ గారికి వినతిపత్రం ఇవ్వడం తేలికే. దాని మీద ‘పరిశీలించి తగు చర్య తీసుకోండి’ అని ఒక వాక్యం రాయించుకోవడమూ కష్టం కాదు. ఆ వాక్యం తర్వాత కాగితం కదలాలంటే మాత్రం ఒక సంగతి తెలిసి ఉండాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో పరిపాలనా సంతకం కమిషనర్‌ది. మేయర్‌ బలమంతా కౌన్సిల్‌, పది మంది సభ్యుల స్థాయీ సంఘం అజెండాల్లో ఉంటుంది. కాబట్టి మనం అడిగేది అజెండాలో ఒక అంశంగా ఇమిడేలా ఉండాలి. ‘నగరంలో రవాణా మెరుగుపరచాలి’ అంటే ఇమడదు. ఫలానా కూడలి దగ్గర ఫలానా పన్నెండు మీటర్ల ఫుట్‌పాత్‌ అంటే ఇముడుతుంది.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. బస్సులు నడిపేది ఆర్టీసీ. బస్సు ఎక్కడ ఆగాలన్న దాంట్లో ట్రాఫిక్‌ పోలీసుల మాట కూడా చెల్లుతుంది. షెల్టరు, ఫుట్‌పాత్‌, కాలువ, వీధి దీపం జీవీఎంసీ పని. కొన్ని రోడ్లు ప్రాంతీయ అభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏ వేసినవి. గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు హైవే అంచున అడిగితే జాతీయ రహదారుల సంస్థ అనుమతి ప్రశ్న వస్తుంది. ఇదంతా వార్డు సచివాలయంలోని ఎమినిటీస్‌ కార్యదర్శినో, ఆ ప్రాంతపు అసిస్టెంట్‌ ఇంజినీరు (ఏఈ)నో అడిగితే ఒక్క పూటలో తేలుతుంది. అడగకుండా రాస్తే ‘ఇది మా పరిధిలో లేదు’ అన్న జవాబు రావడానికే నెలలు పడుతుంది.

తర్వాత టేపు పట్టుకుని స్టాపు దగ్గరికి వెళ్లండి. అసలు పని ఇక్కడే. ఫుట్‌పాత్‌ అంచు రోడ్డు నుంచి 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. నడవడానికి అడ్డు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఫుట్‌పాత్‌ మీదికి చక్రాల కుర్చీ ఎక్కే వాలు (ర్యాంపు) ఒకటికి పన్నెండు, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. ఇంతకన్నా నిటారుగా కడితే చక్రాల కుర్చీ తోసేవాళ్ల చేతులు పడిపోతాయి, దిగేటప్పుడు కుర్చీ ముందుకు తూలుతుంది. ఎక్కువ చోట్ల జరిగే తప్పు ఒకటుంది: ఫుట్‌పాత్‌ ఇరుకని ఆ వాలును రోడ్డు మీదికి కట్టేస్తారు. అది వాన నీళ్ల దారికి అడ్డం పడుతుంది, బస్సు అంచుకు ఆనకుండా చేస్తుంది. చోటు లేకపోతే ఫుట్‌పాత్‌నే ఆ మేర కిందికి దించి రెండు చివర్లా వాలు ఇమ్మని అడగాలి.

కొలతలతో పాటు లెక్క కూడా కావాలి. పండగా సెలవూ లేని మూడు రోజులు, ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, పావుగంటకో గీతల వరస. ఎందరు ఎక్కారు, అందులో ఆడవాళ్లెందరు, ముసలివాళ్లెందరు, ఎన్ని బస్సులు ఆగకుండా పోయాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, జీరో టికెట్‌ ఇస్తారు. కానీ పూర్ణా మార్కెట్‌కు గంపతో వెళ్లే ఆమె ఆటోల మధ్యలోంచి రోడ్డు మీదికి దిగి, ముందుకెళ్లి ఆగిన బస్సు వెంట పరిగెత్తాల్సి వస్తే ఆ జీరో టికెట్‌ ఆమెకు అందనట్టే. సమానత్వం, ఉపాధి అని పేరాలు రాయక్కర్లేదు. ఈ అంకెలే ఆ రెండూ చెబుతాయి.

వినతిపత్రం ఒక్క పేజీ. మొదటి పేరా ఇలా ఉంటే చాలు: ‘ఈ స్టాపు వద్ద 12 మీటర్ల పొడవున ఫుట్‌పాత్‌ అంచు 24 సెం.మీ. ఎత్తు ఉంది. దాన్ని 15 సెం.మీ.కు తగ్గించి, రెండు చివర్లా 1.8 మీ. వాలు కట్టించాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఇది అవసరం.’ కరెంటు స్తంభం అడ్డుంటే దాన్ని ఇందులో కలపకండి. స్తంభం జరపాలంటే విద్యుత్‌ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ అంచనా వేరే రావాలి. ఆ ఒక్కదాని కోసం మొత్తం ఫైలు ఆగిపోతుంది. ‘బడ్డీలన్నీ తీసేయాలి’ అని కూడా రాయకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఉంది, పట్టణ విక్రయ కమిటీ ఉంది. పైగా చీకటి పడ్డాక స్టాపులో మనిషి అలికిడి ఉండేది ఆ టీ బండి వల్లే. అయిదు మీటర్లు పక్కకు చోటు చూపించమని అడగడం న్యాయం, పని కూడా అవుతుంది.

ముందు కార్పొరేటర్‌ గారికి ఇచ్చి సిఫార్సు రాయించుకోండి. దాని నకలుతో మేయర్‌ గారికి ఇవ్వండి. మరో నకలు సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. వచ్చే ఏప్రిల్‌ బడ్జెట్‌లో చోటు కావాలంటే డిసెంబరులోపే చేరాలి. కౌన్సిల్‌ లేని కాలంలో ఆ అధికారాలు ప్రత్యేకాధికారివి. 2012 నుంచి 2021 దాకా నగరం అలాగే నడిచింది. అప్పుడు కాగితం నేరుగా ఆయనకే. షెల్టరు ఒక్కటే కావాలంటే ఎంపీ నిధులు దగ్గరి దారి.

రెండు నెలలు చప్పుడు లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ‘ఎందుకు చేయలేదు’ అని అడగొద్దు. ఫలానా రసీదు నంబరు ఫైలు నోట్ల నకళ్లు, అంచనా నకలు అడగండి. గడువు 30 రోజులు. దాటితే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

పని మొదలయ్యాక కాంట్రాక్టరు మనుషులు ఉండగానే వెళ్లండి. వాలు పొడవు టేపుతో కొలవండి, పైన నున్నటి గ్రానైట్‌ వేస్తుంటే గరుకు పలకలు అడగండి, ఒక బకెట్‌ నీళ్లు పోసి అవి కాలువ వైపే పోతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఏఈ గారికి ఆ రోజే లిఖితంగా ఇవ్వండి. కొలతలు ఇంజినీర్ల కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కి బిల్లు పాసయ్యాక మళ్లీ పగలగొట్టించడం దాదాపు అసాధ్యం.