తుపాను కాలానికి ముందు మెయిల్ సర్వర్ల నిర్వాహకులు తీసుకోవలసిన జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, సెల్ టవర్లు నేలకూలి, నగరంలో చాలా ప్రాంతాలకు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేకుండా పోయాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతం ఎప్పుడైనా అలా విరుచుకుపడవచ్చు. రుషికొండ ఐటీ కొండల మీదనో, గాజువాక కర్మాగారాల్లోనో, ఓడరేవు చుట్టుపక్కల షిప్పింగ్ ఏజెన్సీల్లోనో సొంత ప్రాంగణంలో మెయిల్ సర్వర్ నడుపుకుంటున్న వారు ఈ పనులన్నీ సెప్టెంబరులోగా ముగించుకోవాలి. పెద్ద అప్‌డేట్లు, వెర్షన్ మార్పులు ఉంటే అవి ఆగస్టులోనే అయిపోవాలి.

మొదట గుర్తించవలసింది ఏమిటంటే, సర్వర్ ఆగిపోయినంత మాత్రాన మెయిల్ పోదు. అవతలి సర్వర్ ఆ ఉత్తరాన్ని తన క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు అలా వేచి ఉండాలని మెయిల్ బట్వాడా పద్ధతి అయిన ఎస్ఎంటీపీకి ప్రమాణ పత్రమైన ఆర్ఎఫ్‌సీ 5321 చెబుతోంది. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో పోస్ట్‌ఫిక్స్ సహజంగా 5 రోజులు ఆగుతుంది, కానీ మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వర్ 2 రోజులకే ఉత్తరాన్ని తిప్పి పంపేస్తుంది, అంతకన్నా తక్కువ గడువు పెట్టుకున్న సంస్థలూ ఉంటాయి. కాబట్టి మీ చేతిలో ఉన్న అసలు గడువు 5 రోజులు కాదు, 2 రోజుల లోపే అనుకుని ప్రణాళిక వేసుకోవడం క్షేమం. హుద్‌హుద్ నాటి పరిస్థితి మళ్లీ వస్తే ఆ గడువు చాలదు గనుక, ఇన్‌కమింగ్ మెయిల్‌ను వేరే ఊరికి మళ్లించే దారి ముందే సిద్ధంగా ఉండాలి.

ఆ దారి డీఎన్ఎస్ (డొమైన్ పేర్లకు సర్వర్ల చిరునామాలు చెప్పే వ్యవస్థ) గుండా పోతుంది. మీ డొమైన్ నేమ్ సర్వర్లు రెండూ మెయిల్ సర్వర్ ఉన్న భవనంలోనే ఉంటే, కరెంటు పోయిన రోజున, మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును మార్చే వీలు కూడా ఉండదు. కనీసం ఒకటైనా హైదరాబాదులోనో ముంబయిలోనో ఉండాలి. ఇతర సర్వర్లు ఒక రికార్డును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ విలువ 86400 సెకన్లుగా ఉంటే, దాన్ని 300కు తగ్గించిన తరువాత కూడా పాత విలువ లోకం నుంచి తొలగడానికి ఒక రోజు పడుతుంది. అందువల్ల తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి మొదటి సూచన రాగానే ఆ మార్పు చేయాలి. గాలులు మొదలయ్యాక చేస్తే ప్రయోజనం ఉండదు. డొమైన్ పేరు నమోదు చేసిన సంస్థ (రిజిస్ట్రార్) వద్ద ఉన్న ఖాతా పాస్‌వర్డు మార్చుకునే లింకు ఏ చిరునామాకు వస్తుందో కూడా ఒకసారి చూసుకోవాలి. అది మీ డొమైన్‌లోని చిరునామానే అయితే, అత్యవసరంలో ఆ తలుపు మూసుకుపోయినట్లే.

ప్రత్యామ్నాయ ఎంఎక్స్ (ప్రధాన సర్వర్ అందనప్పుడు మెయిల్ అందుకునే రెండో సర్వర్) విషయంలో నా అభిప్రాయం కొంత కఠినమైనదే. ప్రధాన సర్వర్‌లో ఉన్న చిరునామాల జాబితా, స్పామ్ వడపోత ప్రత్యామ్నాయంలోనూ ఉండాలి. లేకపోతే ఆ సర్వర్, మీ సంస్థలో అసలు లేని చిరునామాలకు వచ్చినవన్నీ స్వీకరించి, తరువాత పంపినవారిగా నకిలీగా చూపిన చిరునామాలకు బౌన్సులు (తిరుగు నోటీసులు) పంపుతూ మీ ఐపీని (సర్వర్ నెట్‌వర్క్ చిరునామాను) బ్లాక్‌లిస్టులోకి నెడుతుంది. దాన్ని ఏడాది పొడుగునా చూసుకునే మనిషి లేని సంస్థకు అటువంటి సర్వర్ లేకపోవడమే మేలు. మెయిల్ పంపడానికి వేరే ఊరి సర్వర్‌ను వాడదలిస్తే, దాని ఐపీని, మీ పేరున మెయిల్ పంపగల సర్వర్లను తెలిపే ఎస్‌పీఎఫ్ రికార్డులో ఇప్పుడే చేర్చి, ఉత్తరం మీ డొమైన్‌దేనని రుజువు చేసే డీకేఐఎం సంతకం, ఐపీకి పేరు తెలిపే పీటీఆర్ రికార్డు సరిచూసి, ఒక పరీక్ష ఉత్తరం పంపి చూడాలి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్ఎస్ శోధనలు 10 దాటితే ఆ రికార్డు మొత్తం చెల్లకుండా పోతుంది.

యూపీఎస్ బ్యాటరీలను నిజమైన భారంతో పరీక్షించండి. జనరేటర్‌ను చివరి చుక్క వరకు నడిపి సర్వర్లను వాటంతటవి ఆరిపోనివ్వడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి, ఎందుకంటే హఠాత్తుగా ఆగిన ఎక్స్ఛేంజ్ డేటాబేసు మళ్లీ మౌంట్ కాకుండా (తెరుచుకోకుండా) మొరాయించవచ్చు. నగరమంతటా కరెంటు లేనప్పుడు పెట్రోలు బంకులూ పనిచేయకపోవచ్చు, అంటే జనరేటర్‌కు డీజిల్ దొరకకపోవచ్చు. బ్యాటరీ ఏ స్థాయికి వచ్చినప్పుడు ఆపడం మొదలుపెట్టాలో ముందే రాసి పెట్టుకుని, ముందు మెయిల్ సేవలు, తరువాత డొమైన్ కంట్రోలర్లు (లాగిన్లను నిర్వహించే సర్వర్లు), చివరగా స్టోరేజీ అన్న క్రమంలో ఆపాలి. జనరేటర్ సెల్లారులో ఉంటే వరద నీటి సంగతి ఆలోచించాలి. బ్యాకప్ ఒక ప్రతి నగరం దాటి ఉండాలి, దాని నుంచి ఒక మెయిల్ బాక్సునైనా నిజంగా తిరిగి తీసి చూడాలి. ఇంటర్నెట్ సంస్థ, డీజిల్ సరఫరాదారు, సిబ్బంది ఫోన్ నంబర్లు కాగితం మీద ఉండాలి.

నా దృష్టిలో తుపాను కంటే తిరిగి ప్రారంభించే గంటలే ప్రమాదకరం. వాడుకరుల వివరాలుండే డైరెక్టరీ పూర్తిగా సిద్ధం కాకముందే, బయటి మెయిల్ వచ్చే 25వ పోర్టును మెయిల్ సర్వర్ తెరిస్తే, ఉన్న ఉద్యోగికి కూడా అటువంటి వాడుకరి లేడని 550 సమాధానం ఇచ్చే ప్రమాదం ఉంది. అది శాశ్వత తిరస్కారం గనుక, రెండు రోజులుగా వేచి ఉన్న ఉత్తరం ఆ క్షణమే వెనక్కు పోతుంది. కాబట్టి ముందు స్టోరేజీ, తరువాత డీఎన్ఎస్, డైరెక్టరీ లేవాలి. ఆపై గడియారాలు సరిచూడాలి, ఎందుకంటే లాగిన్లను ధ్రువీకరించే కెర్బెరాస్ సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడాను అంగీకరించదు. ఇవన్నీ కుదిరాకే ఫైర్‌వాల్‌లో 25వ పోర్టు తెరవాలి. పోస్ట్‌ఫిక్స్ వాడేవారు సాఫ్ట్ బౌన్స్ అమరికను ఆన్ చేస్తే శాశ్వత తిరస్కారాలు తాత్కాలికమైనవిగా మారతాయి. మీ సర్వర్ క్యూలో నిలిచిపోయిన ఉత్తరాలకు 5 రోజులు దాటి ఉంటే, సేవను ప్రారంభించే ముందే క్యూ గడువు పెంచాలి. లేకపోతే ఇంటర్నెట్ ఇంకా కుదురుకోనప్పుడు చేసిన ఒక్క ప్రయత్నంతోనే అవన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఆగి ఉన్న మెయిల్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది కాబట్టి డిస్కులో ఖాళీని గమనిస్తూ ఉండాలి.

ఆ రోజుల్లో సహాయ నిధుల పేరుతో, బ్యాంకు ఖాతా మారిందన్న సాకుతో నకిలీ మెయిళ్లు వస్తాయి. చెల్లింపు వివరాల మార్పును ఫోనులో నిర్ధారించుకోకుండా అమలు చేయవద్దని అకౌంట్స్ విభాగానికి ముందే చెప్పాలి.

మెయిల్ సాధారణ స్థితికి వచ్చి ఒక రోజు గడిచాక సాఫ్ట్ బౌన్స్‌ను ఆఫ్ చేసి, క్యూ గడువును, టీటీఎల్‌ను, ఎంఎక్స్‌ను పాత విలువలకు తేవాలి. అందుకోసం ఏ మార్పు ఎప్పుడు, ఎవరు చేశారో వెనువెంటనే ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి.