తక్కువ చోటులో చిన్న కత్తిని కాచి సాగగొట్టడం ఎలా?

కత్తి తయారు చేయాలంటే పెద్ద షెడ్డు, బరువైన దాగలి (సుత్తి దెబ్బలకు కింద ఆనుగా ఉండే ఇనుప దిమ్మ), తిత్తులున్న కొలిమి కావాలనుకుని చాలామంది ఆ కోరికను అక్కడే వదిలేస్తారు. ఏడెనిమిది సెంటీమీటర్ల అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, ఉండే చిన్న కత్తికి అదంతా అక్కర్లేదు. నిప్పు దగ్గర నిలబడేది కాసేపే. మిగతా టైమంతా ఆకురాయి, శాండ్ పేపర్లతోనే గడుస్తుంది. ఇంట్లో చోటు ఎంతుందన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు గాలి, మంట, చప్పుడు సంగతి తేల్చుకోవాలి.

చోటు

గ్యాస్ అయినా బొగ్గు అయినా కొలిమి మండుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తల తిరిగేదాకా తెలియదు. అందుకే మూసిన గదిలో కొలిమి పెట్టకూడదు, ఒక కిటికీ తెరిస్తే సరిపోతుందనీ అనుకోకూడదు. పెరడు, పైకప్పు లేని డాబా, షట్టర్ పూర్తిగా ఎత్తిన గ్యారేజ్ తలుపు దగ్గర అయితే ఫర్వాలేదు. ఫ్లాట్ బాల్కనీలో మాత్రం వద్దు. అక్కడ ఉండేవాళ్లు కాచి కొట్టే పని ఆరుబయట ఇంకెక్కడైనా పెట్టుకుని, ఆకురాయి పని ఇంట్లో చేసుకోవడం మంచిది.

కాలిన ఇనుము నేరుగా కాంక్రీటు మీద పడితే పెచ్చులు ఎగిరే ప్రమాదం ఉంది, కాబట్టి కింద ఇనుప రేకు పరవండి. పక్కన బకెట్ నీళ్లు, పొడి ఇసుక, నూనె మంటలకు పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచండి. ఎండ నేరుగా పడే చోట ఇనుము రంగు సరిగా కనబడదు, మీకు థర్మామీటర్ ఆ రంగే కాబట్టి నీడపట్టున పని చేయాలి.

సామాను

కొలిమికి రెండు తేలికపాటి ఇన్సులేటింగ్ ఫైర్ బ్రిక్స్ చాలు. రెండింటినీ కలిపి ఇనుప తీగతో బిగించి, మధ్యలో ఐదారు సెంటీమీటర్ల సొరంగంలా తొలవండి. టార్చ్ మంట లోపలికి వెళ్లేలా పక్కనుంచి ఏటవాలుగా ఇంకో రంధ్రం పెట్టండి. మెత్తటి ఇటుక కాబట్టి పాత చాకుతోనే తొలిచేయొచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి. గోడ కట్టే ఎర్ర ఇటుక దీనికి పనికిరాదు, అది వేడినంతా లాగేస్తుంది, తేమ ఉంటే పగిలిపోతుంది కూడా. చేత్తో పట్టుకునే ప్రొపేన్ టార్చ్ ఈ చిన్న గూటికి సరిపోతుంది. పెద్ద సిలిండర్ వాడితే దాన్ని నిలువుగా, మంటకు దూరంగా ఉంచి, టార్చ్‌కు సరిపడే రెగ్యులేటరే బిగించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు రాసి లీకేజీ చూసుకోండి.

దాగలి కోసం డబ్బు తగలేయకండి. పెద్ద సమ్మెట తలను చెక్క మొద్దులో దిగేసినా, రైలు పట్టా ముక్కను నిలువుగా నిలబెట్టినా సరిపోతుంది. దెబ్బ పడేచోట కింద బరువు నిలువుగా ఉండాలి, అంతే. మొద్దు ఎత్తు, చేయి వేలాడేసి పిడికిలి బిగిస్తే అది తగిలేంత ఉంటే నడుం నొప్పి రాదు. గణగణ మోగుతుంటే ఒక మందపాటి అయస్కాంతం అంటించండి, మొద్దు కింద రబ్బరు షీటు వేయండి. పక్కింటివాళ్లకు ఒక మాట ముందే చెప్పడం వీటన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

సుత్తి ఎనిమిది వందల గ్రాముల నుంచి కిలో లోపు ఉండాలి. కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు, నూలు బట్టలు, మూసి ఉండే బూట్లు వేసుకోండి. సింథటిక్ బట్టలకు నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

ఏ ఉక్కు?

తుక్కులో దొరికింది వాడదామనే ఆశ అందరికీ ఉంటుంది. మామూలు ఇనుప కడ్డీలో కార్బన్ చాలా తక్కువ, ఎంత కాచి ముంచినా గట్టిపడదు. పాత ఆకురాళ్లు, బండ్ల కమాన్ పట్టీలు పనికొస్తాయి కానీ వాటిలో ఏముందో, లోపల పగులు ఉందో లేదో తెలియదు. మొదటి కత్తికి 1084 అనే రకం ఉక్కు కొనడం తెలివైన పని. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం, సరైన వేడికి రాగానే ఎక్కువసేపు ఆగకుండా నూనెలో ముంచేయొచ్చు. నాలుగు మిల్లీమీటర్ల మందం, ఇరవై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ తీసుకోండి. నలభై సెంటీమీటర్ల పొడవుంటే రెండో కొసే పిడిలా పనికొస్తుంది, పట్టకారు కొనే అవసరం రాదు. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టొద్దు. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

కాచి కొట్టడం

ఉక్కు నారింజ రంగుకు వచ్చాక కొట్టడం మొదలుపెట్టి, ముదురు ఎరుపులోకి దిగగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. ఇంకో రెండు దెబ్బలేద్దామని చల్లారుతున్న ఉక్కును కొడితే పగుళ్లు వస్తాయి. మరీ తెల్లబడి రవ్వలు చిమ్మితే కాలిపోయినట్టు, ఆ ముక్క కోసి పారేయాల్సిందే.

ముందు మొన తీయాలి. పట్టీ కొసను ఏటవాలుగా కోసుకుని మొదలుపెడితే, కొస రెండుగా నోరు తెరిచి మడత పడే బాధ ఉండదు. మొన కుదిరాక వాదర (పదును పెట్టే అంచు) వైపు పలచబరచాలి. ఇక్కడే కొత్తవాళ్లు కంగారుపడతారు: వాదర వైపు కొట్టేకొద్దీ అటువైపు సాగి, అలుగు మొత్తం వీపు వైపు వంగిపోతుంది. అందుకే ముందే అలుగును వాదర వైపు కాస్త వంచి పెట్టుకుంటే, కొట్టడం పూర్తయ్యేసరికి అదే నిటారుగా వస్తుంది. రెండు వైపులా సమానంగా కొట్టండి, వంకర కనబడగానే సరిచేయండి.

ఆకారం వచ్చాక మళ్లీ ఎర్రగా కాచి కదలని గాలిలో చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు చేస్తే కొట్టినప్పుడు లోపల చేరిన ఒత్తిడి పోతుంది, ఉక్కు లోపలి గింజ (కంటికి కనబడని చిన్న రేణువులు) సన్నబడుతుంది. ఎర్రదనం పోయినంత మాత్రాన చల్లారినట్టు కాదు. నల్లగా కనిపించే ఉక్కు నాలుగు వందల డిగ్రీలున్నా ఉండొచ్చు.

తర్వాత ఆకురాయితో అసలు రూపం తెచ్చుకోండి. పైనున్న నల్ల పెచ్చు ఆకురాయిని తినేస్తుంది కాబట్టి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే సులువు. పిడి రంధ్రాలు ఇప్పుడే వేసేయాలి. వాదరను పూర్తిగా పలచన చేయకుండా మిల్లీమీటరు మందం ఉంచండి, లేకపోతే నూనెలో ముంచగానే వంకర తిరుగుతుంది.

గట్టిపరచడం

కత్తి కత్తి అయ్యేది ఇక్కడే. ఎత్తుగా, ఇరుకుగా, మూత ఉన్న ఇనుప డబ్బాలో మూడు నాలుగు లీటర్ల వంటనూనె పోయండి, అంచుదాకా వద్దు. కాలిన ఇనుప ముక్క ముంచి దాన్ని యాభై డిగ్రీలకు తెండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని తొందరగా లాగదు. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగిలే అవకాశం ఎక్కువ.

అలుగు మొత్తం ఒకే రంగులో కాగేలా ముందుకూ వెనక్కూ కదుపుతూ ఉండండి. మొన పలచన కాబట్టి అది ముందే వేడెక్కుతుంది. మధ్యమధ్యలో అయస్కాంతానికి ఆనించి చూడండి. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకాస్త, దాదాపు 815 డిగ్రీలు రావాలి. ఎరుపు ఒక్క మెట్టు వెలుగెక్కాక ఆలస్యం చేయకుండా మొన కిందకు పెట్టి నిటారుగా ముంచి, పైకీ కిందకూ మాత్రమే కదపండి. పక్కలకు ఊపితే వంగుతుంది. నూనె అంటుకుంటే మూత వేయండి, నీళ్లు అస్సలు పోయొద్దు.

చల్లారాక ఆకురాయితో గీకి చూడండి. జారిపోతే గట్టిపడినట్టు, కొరికితే మళ్లీ కాచాలి. ఈ దశలో అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడినా విరగొచ్చు. అందుకే రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు నూనె కడిగి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు ఉంచండి. ఓవెన్ మీద అంకెను నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టుకోండి. ముందే కాస్త మెరిసేలా రుద్ది ఉంచితే లేత గడ్డి రంగు కనిపిస్తుంది. నీలం తిరిగితే మెత్తబడిపోయినట్టే, మళ్లీ కాచి ముంచాలి.

పిడి, పదును

రెండు చెక్క పలకలు, రెండు పిన్నులు, ఎపాక్సీ జిగురు. ఒక రోజు ఆరనిచ్చి చేతికి తగ్గట్టు రుద్దుకోండి. చివరగా సానరాయి మీద పదును పెట్టండి. రుద్దేటప్పుడు అలుగు చేతికి వేడిగా తగిలితే నీళ్లలో ముంచండి.

పదును పెట్టాక ఎండుకర్ర చెక్కి చూడండి. వాదర చిన్నచిన్న ముక్కలుగా ఊడితే ఇంకా పెళుసుదనం ఉంది, పిడి ఊడదీసి 220 డిగ్రీల దగ్గర మరోసారి ఓవెన్‌లో పెట్టండి. వాదర మడతపడుతుంటే మెత్తగా ఉన్నట్టు: ముందు కాస్త మందమైన కోణంలో పదును పెట్టి చూసి, అప్పటికీ మడతపడితే పిడి ఊడదీసి మళ్లీ నూనె డబ్బా దగ్గరికి వెళ్లండి.