వరంగల్‌లో మీ కాలేజీకి సొంత ఎఫ్‌ఎం రేడియో పెట్టాలంటే ఏం చేయాలి

చదువు కోసం అంటే గాలిలో ఒక ఫ్రీక్వెన్సీ మనకు ముందే పక్కన పెట్టి ఉంటుందని చాలామంది ప్రిన్సిపాళ్లు అనుకుంటారు. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో నడిపిన జ్ఞానవాణి రేడియోకు అలా విడిగా ఇచ్చారు కానీ, మామూలు కాలేజీకి ఉన్న దారి కమ్యూనిటీ రేడియో, అంటే లాభం చూసుకోకుండా చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న రేడియో ఒక్కటే. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా ఎఫ్‌ఎం ఈ దారిలోనే మొదలైంది, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం ఇచ్చారు, 2008లో మన జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్ ఆడవాళ్లు సంగం రేడియో పెట్టి నడిపించారు. వాళ్లు చేసినప్పుడు ల్యాబులు, కరెంటు, పిల్లలు అన్నీ ఉన్న హనుమకొండ కాలేజీలు ఎందుకు చేయలేవు?

దరఖాస్తు కంటే ముందు యాంటెన్నా ఎక్కడ పెడతారో తేల్చుకోండి, అసలు పనంతా అక్కడే ఉంది. విద్యాసంస్థ అయితే ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా రెండూ మెయిన్ క్యాంపస్‌లోనే ఉండాలి. ఊరి బయట హాస్టల్ బిల్డింగ్ ఎత్తుగా ఉందనో, తెలిసినవాళ్ల గుట్ట మీద జాగా ఉందనో అక్కడ పెడతామంటే కుదరదు. యాంటెన్నా నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు దాటకూడదు. పవర్ మామూలుగా 100 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే సిగ్నల్ బలం) వరకే, దాంతో 5 నుంచి 10 కిలోమీటర్లు అందుతుందని లెక్క. ఎఫ్‌ఎంకు అడ్డం లేని దారి కావాలి కాబట్టి మీ క్యాంపస్‌కూ మీరు చేరాలనుకునే బస్తీకీ మధ్య పద్మాక్షి గుట్ట లాంటిది ఉంటే ఆ వెనక సిగ్నల్ బలహీనపడుతుంది. మేడ మీదికి ఎక్కి నాలుగు దిక్కులూ చూడండి, ఏ వైపు కొండ ఉందో రాసుకోండి. పరకాల, నర్సంపేట దాకా వినిపిస్తుందని మేనేజ్‌మెంట్‌కు మాత్రం చెప్పకండి.

టవర్ మొదట్లో నిలబడి అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు తీసుకుని, ప్రతి ఫారంలో అవే అంకెలు వేయండి. టవర్ వల్ల విమానాలకు అడ్డం ఉందా, మీ ప్రసారం వేరే వైర్‌లెస్‌కు తగులుతుందా అని సాక్ఫా కమిటీ చూసేది ఈ అంకెలను బట్టే. మామునూరు విమానాశ్రయం వైపు కాలేజీలు ఎత్తు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక కాగితాలు. దరఖాస్తు సమాచార ప్రసార శాఖ వాళ్ల బ్రాడ్‌కాస్ట్ సేవ పోర్టల్‌లో వేయాలి. లాభం కోసం నడిచే సంస్థలకు, పార్టీలకు, వ్యక్తులకు ఇవ్వరు, కాబట్టి కాలేజీని నడిపే సొసైటీ లేదా ట్రస్ట్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. యూనివర్సిటీలకు, ప్రభుత్వ కాలేజీలకు పని కొంచెం సులువు, ప్రైవేటు కాలేజీల ఫైలు మాత్రం హోం, రక్షణ లాంటి శాఖల అనుమతికి కూడా తిరుగుతుంది, ఆలస్యమైందని టెన్షన్ పడొద్దు. తర్వాత లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే సూత్రప్రాయంగా ఒప్పుకున్నామనే లేఖ వస్తుంది. 2024 నిబంధనల ప్రకారం అది ఏడాది చెల్లుతుంది, అనుకోని ఇబ్బంది వస్తే ఇంకో మూడు నెలలు. ఫ్రీక్వెన్సీ, సాక్ఫా పని టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీలు చూసే డబ్ల్యూపీసీ విభాగం దగ్గర, సరళ్ సంచార్ పోర్టల్‌లో. 90.4, 90.8, 91.2 మెగాహెర్ట్జ్ లాంటివి కమ్యూనిటీ రేడియోలకు ఇస్తుంటారు. సమాచార ప్రసార శాఖతో ఒప్పందం అయ్యాక ఆపరేటింగ్ లైసెన్స్ చేతికి రావాలి, అది రాకుండా టెస్టింగ్ అని పది నిమిషాలు ఆన్ చేసినా తప్పే. మొదటి అనుమతి ఇప్పుడు పదేళ్లు.

ప్రసారం సంగతికొస్తే, కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. దీన్ని రూల్ అని కాకుండా వరంగా తీసుకోండి. మన యాసలో, లంబాడీలో మాట్లాడించండి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతును మైకు ముందు కూర్చోబెట్టండి. సొంత వార్తలు, రాజకీయం వద్దు, ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు. కానీ పరీక్షా ఫలితాలు, అడ్మిషన్లు, కౌన్సెలింగ్, ఉద్యోగ ప్రకటనలు, ట్రాఫిక్, వాతావరణం వార్తల కిందికి రావు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఊళ్లోని తల్లిదండ్రులకు మీ లెక్చరర్ అరగంట వివరించి చెబితే ఎంత మేలో ఆలోచించండి! వేసిన ప్రతి కార్యక్రమం రికార్డు మూడు నెలలు దాచాలి.

డబ్బు విషయంలో, గంటకు 12 నిమిషాల దాకా యాడ్స్ వేసుకోవచ్చు, 2024లో ప్రకటించిన రేటు 10 సెకన్లకు 74 రూపాయలు. దాంతో జీతాలన్నీ వెళ్లిపోతాయని లెక్క వేయకండి, నిర్వహణకు కాలేజీ బడ్జెట్‌లో విడిగా రాయించుకోండి.

ఎవరైనా వచ్చి స్టేషన్ మేం నడిపిస్తాం, నెలకింత ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు. అనుమతి బదిలీ కాదు. అమెరికాలో చదువు కోసం ఇచ్చిన 2.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను విద్యాసంస్థలు టెలికాం కంపెనీలకు లీజుకిస్తూ పోయాయి, 2019లో విద్యాసంస్థలకే ఇవ్వాలన్న షరతునే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తీసేసింది. మనకు దక్కిన కొంచెం జాగా అలా పోకూడదు.

సెలవుల గురించి కూడా ముందే ఆలోచించండి. మూడు నెలలకు మించి ప్రసారం ఆపితే అనుమతి రద్దు చేసి ఫ్రీక్వెన్సీ వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. పరీక్షలు, ఎండాకాలం సెలవులు, కొత్త అడ్మిషన్లు కలిస్తే మూడు నెలలు ఇట్టే అయిపోతాయి. ఏప్రిల్ రాకముందే క్యాంపస్ చుట్టుపక్కల ఉండే ఇద్దరు ముగ్గురికి స్టూడియో తాళాలు, పని రెండూ అప్పజెప్పండి.