లైఫ్ హిస్టరీ లెక్కలు – నాలుగో పాఠం: తాబేలు దగ్గర తప్పినవాళ్లకు

లైఫ్ హిస్టరీ అంటే ఒక జీవి ఎప్పుడు ఎదుగుతుంది, ఎప్పుడు ఎన్ని పిల్లల్ని కంటుంది, ఎన్నాళ్లు బతుకుతుంది అన్న లెక్క. పోయిన పాఠంలో నాలుగు జీవాలిచ్చి, త్వరపడేవి (తొందరగా ఎదిగి, ఎక్కువ కని, తొందరగా పోయేవి) ఒక గంపలో, నిదానించేవి (మెల్లగా ఎదిగి, తక్కువ కని, చాలాకాలం బతికేవి) ఒక గంపలో వేయమన్నాను. వనామి రొయ్య దగ్గర, ఒంగోలు ఆవు దగ్గర ఎవరూ తడబడలేదు. నేలపట్టు గూడబాతునూ సరిగ్గానే వేశారు. మన తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు దగ్గర మాత్రం చాలామంది బోల్తాపడ్డారు. గుంటకు నూటపది గుడ్లనగానే తీసుకెళ్లి రొయ్య పక్కన పడేశారు.

తప్పు సగం నాదే, గుడ్ల సంఖ్య ముందు చెప్పాను. ఆ తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది, ఆ తర్వాత దశాబ్దాలు బతుకుతుంది. గుడ్లు చూస్తే రొయ్య, ఆయుష్షు చూస్తే ఆవు. ఒకే గంపలో పట్టదు. అందుకే ఇకమీదట ఈ వరసలో అడగండి: తొలి సంతానం ఏ వయసులో? ఎదిగినది ఏడాది గడిచేసరికి బతికుండే అవకాశమెంత? ఒక్కో పిల్ల మీద తల్లి పెట్టే ఖర్చెంత? గుడ్ల సంఖ్య అన్నిటికన్నా చివర.

నా అడ్డదారి ఒకటుంది. జీవాల సంఖ్య పెరగక, తరగక ఉందంటే ఒక్కో తల్లికి జీవితం మొత్తం మీద సగటున ఇద్దరే పెద్దై నిలుస్తారు. కాబట్టి రెండును మొత్తం గుడ్లతో భాగిస్తే చాలు, ఒక్కో గుడ్డు పెద్దయ్యే అవకాశం తెలుస్తుంది. తాబేలు సీజన్‌కు రెండు గుంటలు, అలా పది సీజన్లు పెట్టిందనుకుందాం: 2,200 గుడ్లు, 1,100కు ఒకటి మిగులుతుంది. గూడబాతు ఏటా మూడు చొప్పున పదేళ్లంటే 30, పదిహేనుకు ఒకటి. సీజన్ల సంఖ్య ఊహే, లెక్క పద్ధతి కోసం పెట్టాను.

ఈ రెండు గంపల ఆలోచన 1967లో జీవశాస్త్రవేత్తలు మెకార్థర్, విల్సన్ పెట్టిన ఆర్ (సంఖ్య పెరిగే వేగం), కె (ఆ చోటు మోయగల సంఖ్య) అక్షరాలతో మొదలైంది: ఆర్ వైపు త్వరపడేవి, కె వైపు నిదానించేవి. 1970లో పియాంకా దాన్ని చక్కటి పట్టికగా మార్చాడు. అది ఎన్నో జీవాలకు సరిపోవడం లేదని స్టెర్న్స్ అనే మరో జీవశాస్త్రవేత్త 1970ల్లోనే ఎత్తిచూపాడు. పట్టిక చూడ్డానికి బాగుంటుంది, అందుకే ఇంకా చావలేదు.

ఇక నాకు ఒళ్లు మండించిన జవాబు. "మా ఊళ్లో ఎక్కువమంది పిల్లలున్న ఇళ్లు త్వరపడే రకం, వాళ్లకు ముందుచూపు ఉండదు" అని పలువురు రాశారు. జాతుల మధ్య చూసిన తేడాను ఒకే జాతిలోని మనుషుల మధ్య అతికించడమే ఇక్కడి తప్పు. రష్టన్ అనే మనస్తత్వవేత్త దీన్ని మనుషుల్లో నలుపు, తెలుపు వంటి 'రేస్' తేడాలకు అతికించి తీవ్ర విమర్శలపాలయ్యాడు. మనుషులు ఎంత నిదానించే రకమో కొలవడానికి వాడే మినీ-కె అనే ఇరవై ప్రశ్నల పత్రం ముందుచూపు గురించి, బంధువులతో సఖ్యత గురించి, భక్తి గురించి అడుగుతుంది. తొలి కాన్పు వయసు, పిల్లల సంఖ్య, మరణాలు మాత్రం అడగదు. లైఫ్ హిస్టరీ కొలతలు లేకుండా కొలిచింది లైఫ్ హిస్టరీ ఎలా అవుతుంది?

అతికిస్తే ఏమవుతుందో వడ్లతో చూడండి. పుట్టి అంటే నెల్లూరు లెక్కన 850 కిలోలు. ముప్పై పుట్లు పండినవాడు ఆరు ఇంటికి ఉంచుకుని ఇరవైనాలుగు అమ్మాడు. పది పండినవాడు రెండు ఉంచి ఎనిమిది అమ్మాడు. నాలుగు పండినవాడు ఒకటి ఉంచి మూడు. ముగ్గురినీ గ్రాఫు మీద పెడితే, ఉంచుకున్నది పెరిగేకొద్దీ అమ్మినదీ పెరుగుతోంది! అంటే ఉంచుకోవడానికీ అమ్మడానికీ పోటీ లేదనా? పది పుట్లు పండినవాళ్లనే పక్కకు తీయండి: 2 ఉంచితే 8, 3 ఉంచితే 7, 4 ఉంచితే 6. పోటీ బయటపడింది. పంటలో తేడా పెద్దదై, పంపకంలో తేడా చిన్నదైతే పోటీ కనబడదు. జీవశాస్త్రవేత్తలు వాన్ నూర్డ్‌విక్, డి యోంగ్ జీవాల విషయంలో 1986లో చూపింది ఇదే. మనుషుల్లో పంట అంటే ఆస్తి, తిండి, ఆరోగ్యం. వాటిని పక్కన పెట్టకుండా రెండు అలవాట్లు కలిసి కనబడ్డాయని "వ్యూహం" అనకండి.

ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1992–93లో ఉమ్మడి ఆంధ్రలో 2.6 దాకా ఉండేవి, 2019–21లో ఆంధ్రలో 1.7. ఒక్క తరంలో జన్యువులు ఇంత మారవు, కాబట్టి పిల్లల సంఖ్య చూసి ఒక ఇంటిని పుట్టుకతోనే ఫలానా రకం అనకండి.

అభ్యాసం ఒకటే, బరువైనదే. మీ ఊళ్లో యాభై ఏళ్లు దాటిన తల్లులున్న నలభై ఇళ్లు ఎంచుకోండి. అంతకన్నా చిన్నవాళ్లయితే పిల్లల లెక్క ఇంకా ముగిసి ఉండదు, పాత జవాబుల్లో ఈ పొరపాటూ ఉంది. అడిగి, ఒప్పుకున్నాకే రాయండి, పేర్లు వద్దు. నాలుగు గడులు: తొలి కాన్పు వయసు, పిల్లల సంఖ్య, పిల్లలు సగటున చదివిన ఏళ్లు, భూమి. ముందు నలభై ఇళ్లకూ పిల్లల సంఖ్యను చదువుతో కలిపి చుక్కలు పెట్టండి. తర్వాత భూమి లేనివాళ్లు, రెండెకరాల లోపు, పైన అని మూడు కాగితాల మీద విడిగా పెట్టండి. ఇక్కడ వడ్ల లెక్కకు తిరకాసుంది: డబ్బున్న ఇళ్లలోనే పిల్లలు తక్కువైతే మొదటి కాగితం మీదే వాలు కిందికి కనబడుతుంది, కానీ ఆ వాలులో కొంత భాగం డబ్బు వల్ల వచ్చినదే. విడగొట్టాక ఎంత మిగిలిందో అంకెల్లో రాసి పంపండి, మాటల్లో వద్దు.