ఎండలు ముదరకముందే పాత బుల్లెట్ ఆయిల్ పంపు చూసుకోండి

పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్‌కి ఆయిల్ అందడం లేదని చెప్పే లైటు లేదు, మీటరూ లేదు. పంపు పని చేయకపోయినా బండి స్టార్టవుతుంది, కాసేపు బాగానే నడుస్తుంది. లోపల బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోటి బేరింగ్) మాత్రం అరిగిపోతుంటుంది. చాలా 350 సీసీ బండ్లలో అక్కడ ఉండేది ఫ్లోటింగ్ బుష్, అంటే రోలర్లు లేకుండా వదులుగా తిరిగే లోహపు రింగు. దానికి ఆయిల్ పొరే ప్రాణం. ఏప్రిల్, మే ఎండల్లో ఆయిల్ ఇంకా పలచబడుతుంది, అరిగిన పంపు లోటు అప్పుడే బయటపడుతుంది. లాంగ్ రైడ్ పెట్టుకున్నవాళ్లు మార్చిలోనే ఈ పని చూసుకోవాలి.

ముందు లెవెల్. నెలల తరబడి కదలని బండిలో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్, పంపు సందుల్లోంచి మెల్లగా సంపులోకి (క్రాంక్ కింద ఆయిల్ చేరే గుంట) దిగిపోతుంది. డిప్‌స్టిక్ చూస్తే తక్కువ కనిపిస్తుంది. వెంటనే పోసేయకండి. పోస్తే స్టార్ట్ చేశాక పొగ, బ్రీదర్‌లోంచి (ఇంజిన్ గాలి వదిలే గొట్టం) ఆయిల్ కక్కడం తప్పవు. సంపు కింది ప్లగ్ విప్పి అక్కడ చేరినదంతా దించేసి, ట్యాంకులో మంచి 20డబ్ల్యూ-50 పోసుకోవడమే మేలు.

ఈ ఇంజిన్లో పంపులు రెండు. ఒకటి, ఫీడ్ పంపు, ట్యాంకు ఆయిల్‌ని ఫిల్టర్ మీదుగా బిగ్ ఎండ్‌కి పంపుతుంది. రెండోది, రిటర్న్ పంపు, సంపులో చేరిన ఆయిల్‌ని రాకర్లకు (పైన వాల్వుల్ని నొక్కే మీటలు) ఎక్కిస్తుంది, అక్కణ్ణుంచి అది జారి మళ్లీ ట్యాంకు చేరుతుంది. చాలామంది రాకర్ పైపు బోల్టు వదులు చేసి, ఆయిల్ కారగానే పంపు బాగుందని తేల్చేస్తారు. నాకు భయం కలిగించేది ఇదే. అది రిటర్న్ పంపు సంగతి మాత్రమే చెబుతుంది. ఫీడ్ ఆగిపోయినా, సంపులోకి దిగి ఉన్న ఆయిల్‌నే ఆ పంపు కాసేపు పైకి తోస్తుంటుంది.

అసలు చూడాల్సింది టైమింగ్ కవర్ (ఇంజిన్ కుడిపక్క మూత) మీద, పంపుకీ క్రాంక్ కొసకీ మధ్య ఉండే ఫీడ్ ప్లగ్. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ వేసి, స్లో రన్నింగ్‌లో పెట్టి ఆ ప్లగ్‌ని కొద్దిగా వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. ప్లగ్ మర చుట్టూ ఆయిల్ ఊరి, ఆగకుండా కిందికి జారాలి. కొన్ని సెకన్లలో రాకపోతే ఇంజిన్ ఆపేయండి, రేస్ చేసి చూడొద్దు. బెండు పైపు ఆ పక్కనే ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. కింద గుడ్డ పరచండి, వెనక టైరుకి ఆయిల్ అంటితే బ్రేక్ కొట్టినప్పుడు బండి జారుతుంది.

చల్లటి ఇంజిన్లో చిక్కటి ఆయిల్ రావడం పెద్ద విషయం కాదు. ఓ పావుగంట తిప్పి తెచ్చి, వేడి మీద మళ్లీ చూడండి. అప్పుడు ధార బాగా తగ్గినా, బుడగలతో వచ్చినా పంపు విప్పాల్సిందే. పంపు లోపలి డిస్కుల ముఖం మీద గీతలుంటే సన్న గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, పేస్టు రవ్వంత మిగలకుండా కడగాలి. పంపులు రెంటినీ నడిపే స్పిండిల్ పళ్లు కూడా చూడండి, అవి అరిగితే రెండు పంపులూ ఒకేసారి ఆగిపోతాయి. టైమింగ్ కవర్ తీస్తే లోపలి కార్క్ సీల్ కొత్తది వేయండి. అది పాడైతే పంపు ఎంత తోసినా ఆయిల్ క్రాంక్‌లోకి వెళ్లకుండా పక్కకి కారిపోతుంది. ప్యాకింగ్ పేస్టు దట్టంగా పూయనివ్వకండి, లోపలికి పిండుకొచ్చి దారులు మూసేస్తుంది.

ఫిల్టర్ మార్చినా, పంపు విప్పినా వెంటనే స్టార్ట్ చేయొద్దు. ఇగ్నిషన్ ఆపి, ఫీడ్ ప్లగ్ తీసి, డీకంప్రెషన్ లివర్ (సిలిండర్ ఒత్తిడి వదిలే మీట) పట్టుకుని బుడగలు లేని ఆయిల్ వచ్చేదాకా కిక్ కొట్టండి. ఆ తర్వాతే ప్లగ్ బిగించాలి, అదీ సున్నితంగా. కవర్ అల్యూమినియం, మరలు ఇట్టే పోతాయి.